200 గుడ్లలో 198 ఎవరు తింటున్నారు? వరి చేలో సుడిదోమ లెక్క

పైన వీడియోలో దుబ్బు మొదట్లో పరిగెడుతున్న సాలీడునీ, దాని వీపు మీద అంటుకుని ఉన్న పిల్లల్నీ చూశారు కదా. వీడియోలో చెప్పడానికి టైము చాలని లెక్కంతా ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగే. సార్వా చేను పొట్ట మీద ఉన్నవాళ్లు ముందు "మా చేలో పోయినేడు" అన్న భాగం చదువుకుని చేలోకి వెళ్లండి, మిగతాది తీరిక మీద చదవచ్చు.

అక్టోబరు వచ్చిందంటే నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న. "తమ్ముడూ, దోమ పడింది, ఏం కొట్టమంటావు?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే. దుబ్బుకు ఎన్ని ఉన్నాయి, పోయిన వారం ఎన్ని ఉన్నాయి? మొదటిదానికి కొంతమంది జవాబు చెబుతారు. రెండోదానికి చెప్పేవాళ్లు చాలా తక్కువ. నిజానికి అసలు విషయం రెండో ప్రశ్నలోనే ఉంది. చేలో పురుగు ఉందా లేదా అన్నది కాదు, అది పెరుగుతోందా తగ్గుతోందా, ఎందుకు పెరుగుతోంది అన్నది చూడాలి. డిప్లొమాలో మాకు పురుగుల పేర్లు, వాటి మందులు, లీటరుకు ఎన్ని మిల్లీలీటర్లు అన్నవి బాగా బట్టీ పట్టించారు. జీవుల సంఖ్య ఎలా పెరుగుతుంది, ఎక్కడ ఆగుతుంది అన్నది మాత్రం ఒక్క పేజీతో సరిపెట్టారు. సొంతంగా వ్యవసాయంలోకి దిగాక ఎక్కువ పనికొచ్చింది ఆ ఒక్క పేజీయే.

సరే, లెక్క చూద్దాం. ఒక ఆడ సుడిదోమ 100 నుంచి 300 దాకా గుడ్లు పెడుతుంది. తేలిగ్గా ఉండటానికి 200 అనుకోండి, అందులో సగం ఆడవి. గుడ్డు పగలడానికి వారం పైచిలుకు, పిల్ల పెద్దదవడానికి రెండు వారాలు, మొత్తం మీద ఒక తరానికి సుమారు 25 రోజులు. ఊడ్పులైన దగ్గర్నుంచి గింజ పాలు పోసుకునే లోపు మూడు తరాలు తిరుగుతాయి. ఒక ఆడదానికి 100 ఆడ పిల్లలు, వాటికి 10,000, వాటికి 10 లక్షలు. మగవాటిని కూడా కలిపితే 20 లక్షలు. చదరపు మీటరుకు 33 కుదుళ్ల చొప్పున ఎకరానికి దాదాపు లక్షా 33 వేల దుబ్బులు. భాగిస్తే దుబ్బుకు 15. అంటే జూలై ఆఖర్లో ఎకరానికి ఒక్కటంటే ఒక్క ఆడదోమ దిగి, దాని సంతానం ఏదీ చావకపోతే, అక్టోబరు మధ్యకి వ్యవసాయ శాఖ వాళ్లు "మందు కొట్టండి" అని చెప్పే మోతాదు దగ్గరికి చేను వచ్చేస్తుందన్నమాట.

మన చేలోకి ఒక్కటే రాదు, వందల్లో వస్తాయి. అయినా చాలా ఏళ్లు దోమపోటు రాదు. ఎందుకు రాదు?

ఒక ఆడ, ఒక మగ పోతే వాటి స్థానంలో ఒక ఆడ, ఒక మగ మిగిలితే ఆ జాతి సంఖ్య నిలకడగా ఉన్నట్టు. అంటే ఆ 200 గుడ్లలో 198 పెద్దవి కాకముందే పోవాలి. నూటికి 99. ఇది మనం కొట్టే మందుతో జరుగుతున్న పని కాదు, మనం నిద్రపోతున్నప్పుడు కూడా ఎవరో చేస్తున్న పని. ఇప్పుడు ఆ 99 కాస్తా 98 అయిందనుకోండి. 200లో 4 బతుకుతాయి. చూడటానికి ఏమంత తేడా లేదు. కానీ తరానికి రెట్టింపు, మూడు తరాలకు 8 రెట్లు. అదే 90కి పడిపోతే 20 బతుకుతాయి, తరానికి పదింతలు, మూడు తరాలకు వెయ్యింతలు. మందు డబ్బా పట్టుకుని షాపులో "నూటికి తొంభై పోతుంది అండి" అని చెబుతుంటే నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది. వాళ్లు చెప్పేది ఆ రోజు బయట తిరుగుతున్న దోమ గురించి. గుడ్లు ఆకు తొడిమ లోపల, కణజాలంలో దిగబడి ఉంటాయి. మందు వాటిదాకా పోదు. వారం పోయాక అవి పగిలేసరికి రోజూ వాటిని తినే ప్రాణులు చేలో మిగిలి ఉండవు.

ఎవరు ఆ తినేవాళ్లు? మొదట చెప్పాల్సింది వీడియోలో చూపించిన సాలీడు. ఇది గూడు అల్లదు, దుబ్బు మొదట్లో, నీళ్ల మీద పరిగెత్తి వేటాడుతుంది. రోజుకు 5 నుంచి 15 పురుగుల దాకా తింటుంది. రెండోది మిరిడ్ నల్లి. ఆకుపచ్చగా, నల్లటి మచ్చలతో, అగ్గిపుల్ల తలకాయ కన్నా కాస్త పొడవుగా ఉంటుంది. చాలామంది దీన్ని చూసి ఇదీ దోమే అనుకుని కంగారు పడతారు. ఇది చేసే పని మందు చేయలేనిది: తొడిమ లోపలి గుడ్డులోకి సూది లాంటి ముక్కు దించి పీల్చేస్తుంది. రోజుకు 7 నుంచి 10 గుడ్లు. ఇవి కాక గుడ్డులోనే గుడ్డు పెట్టే అతి చిన్న పరాన్న కందిరీగలు, నీళ్ల మీద జారిపడిన పిల్లదోమల్ని పట్టే నీటి నల్లులు, తూనీగలు, అక్షింతల పురుగులు ఉన్నాయి. వీటన్నింటి మధ్యా పంచుకుంటేనే ఆ 198 లెక్క తేలుతుంది. ఏ ఒక్కటీ ఒంటరిగా తేల్చలేదు.

దోమ సంఖ్యకి ఇంకో కళ్లెం కూడా ఉంది, అది దాని ఒంట్లోనే ఉంది. సుడిదోమలో రెక్కలు పొట్టివి, రెక్కలు పొడుగువి అని రెండు రకాలు. మేత దండిగా, చేను లేతగా ఉన్నప్పుడు పొట్టి రెక్కలవి ఎక్కువ పుడతాయి. అవి ఎగరలేవు, ఉన్నచోటే ఉండి ఎక్కువ గుడ్లు పెడతాయి. దుబ్బు మీద రద్దీ పెరిగి, చేను ముదిరేకొద్దీ పొడుగు రెక్కలవి వస్తాయి, లేచి వేరే చోటికి పోతాయి. ఎంత దూరమంటే, జపాన్‌లో చలికి ఇది బతకదు కాబట్టి ఏటా చైనా వైపు నుంచి సముద్రం దాటి అక్కడికి వెళుతుంది. మీ చేలో పొట్టి రెక్కల ఆడదోమలు ఎక్కువ కనబడుతున్నాయంటే దానికి అక్కడ అంతా బాగుంది, కాపురం పెట్టేసింది అని అర్థం. యూరియా దట్టంగా పడిన చేలో దోమ గుడ్లు ఎక్కువ పెడుతుంది, పిల్లలు కూడా ఎక్కువ బతుకుతాయి. మేత బాగుంటే సంతానం పెరగడం పశువుకైనా పురుగుకైనా ఒకటే.

ఇక్కడ ఒక చేపల కథ చెప్పాలి. వరికీ చేపలకీ సంబంధం ఏంటంటారా, ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఏడ్రియాటిక్ సముద్రంలో చేపల వేట బాగా తగ్గిపోయింది. ఇటలీకి చెందిన ఉంబెర్టో డి'అంకోనా అనే జీవశాస్త్రవేత్త రేవుల్లో చేపల మార్కెట్ లెక్కలు తీసి చూశాడు. ఫ్యూమే రేవులో 1914లో పట్టిన చేపల్లో సొరచేపల జాతి 12 శాతం ఉంటే, 1918 నాటికి 36 శాతం అయింది. వేట మళ్లీ మొదలయ్యాక 1923కి 11 శాతం దగ్గరికి దిగింది. మనుషులు వేట తగ్గిస్తే అన్ని చేపలూ సమానంగా పెరగాలి కదా, వేటాడి తినే చేపలే ఎందుకు ఎక్కువ లాభపడ్డాయి? ఆయన వెళ్లి విటో వోల్టెరా అనే గణిత పండితుణ్ణి అడిగాడు. వోల్టెరా 1926లో దానికి సమీకరణాలు రాశాడు. అమెరికాలో లోట్కా అనే ఆయన కూడా అంతకు ఏడాది ముందు విడిగా అవే సమీకరణాలకు వచ్చాడు.

సమీకరణాలు మనకొద్దు, వాటి సారం మాత్రం ప్రతి రైతూ ఇంటి గోడ మీద రాసుకోవాల్సినంత గట్టిది. తినేదాన్నీ, తినబడేదాన్నీ రెండింటినీ ఒకేసారి చంపే పని ఏది చేసినా, చివరికి తినబడేదే పెరుగుతుంది. కారణం ఏంటంటే తినేదానికి రెండు దెబ్బలు. ఒకటి నేరుగా చావడం, రెండోది మేత తగ్గి పిల్లలు పెరగకపోవడం. తినబడేదానికి ఒక దెబ్బతో పాటు ఒక లాభం, దాన్ని తినేవాళ్లు తగ్గడం. కాలిఫోర్నియా నిమ్మజాతి తోటల్లో ఇది కళ్లముందే జరిగింది. 1868లో ఆస్ట్రేలియా నుంచి చేరిన దూదిలాంటి పొలుసు పురుగు తోటల్ని తుడిచిపెడుతుంటే 1888లో ఆస్ట్రేలియా నుంచే ఒక అక్షింతల పురుగుని తెచ్చి వదిలారు. రెండేళ్లలోపే పొలుసు పురుగు అణిగిపోయింది. 1940ల్లో డీడీటీ వచ్చాక కొట్టిన తోటల్లో అక్షింతల పురుగు పోయి, అణిగి ఉన్న పొలుసు పురుగు మళ్లీ లేచింది.

వరిలో దీనికి అతి పెద్ద ఉదాహరణ ఇండోనేషియా. 1984కి బియ్యంలో సొంత కాళ్ల మీద నిలబడిన దేశం. పురుగు మందుల ధరలో 80 శాతం దాకా ప్రభుత్వమే భరించేది, కొట్టినవాళ్లు కొట్టినంత. 1985, 86ల్లో జావాలో సుడిదోమ విరుచుకుపడింది. అంతకుముందు దోమని తట్టుకునే వంగడాలతో అరికట్టాలని చూశారు. 1973లో వచ్చిన ఐఆర్ 26 లాంటివి రెండు మూడేళ్లకే దోమకి లొంగిపోయాయి. పీటర్ కెన్‌మోర్ వంటి శాస్త్రవేత్తలు ఫిలిప్పీన్స్ పొలాల్లో అప్పటికే చూపించారు, మందు కొట్టిన మడిలోనే దోమ ఎక్కువవుతోందని. చివరికి 1986 నవంబరులో అధ్యక్షుడు సుహార్తో ఒక్క ఉత్తర్వుతో వరి మీద 57 రకాల పురుగు మందుల్ని నిషేధించాడు. 1989 మొదటికల్లా సబ్సిడీ కూడా ఎత్తేశారు. దిగుబడి పడిపోలేదు. ఆ 1989లోనే రైతులే చేలో కూర్చుని పురుగుల్ని లెక్కపెట్టుకునే బడులు అక్కడ మొదలయ్యాయి. మన దగ్గర పొలంబడి అని పిలిచేది ఆ పద్ధతినే. దీన్ని ప్రకృతి వ్యవసాయం గెలుపుగా కొందరు చెప్పుకుంటారు కానీ అది సరికాదు, వాళ్లు ఎరువులు మానలేదు. మానింది అడ్డగోలుగా చంపడం ఒక్కటే.

ఇంకో సంగతి, ఇది మన పద్ధతి చేసేవాళ్లకి నేరుగా పనికొచ్చేది. జావా పొలాల్లోనే విలియం సెటిల్, ఆయన బృందం ఒక అనుమానం తీర్చుకున్నారు. ఊడ్పులయ్యాక మొదటి నెలలో చేలో దోమ పెద్దగా ఉండదు. మరి సాలీళ్లు అప్పటికే అన్ని ఎలా ఉంటున్నాయి, ఏం తిని బతుకుతున్నాయి? వెతికితే తేలింది ఏంటంటే, నీళ్లలో కుళ్లే ఆకూ అలమూ మీద, నాచు మీద బతికే చిన్న చిన్న ఈగలు, ఎగిరే నుసి లాంటి పురుగులు మొదటి రోజుల్లో లెక్కలేనన్ని పుడతాయి. వాటివల్ల మనకి నష్టం లేదు. సాలీళ్లకి మాత్రం అవే తొలి భోజనం. అవి తిని సాలీళ్లు పిల్లలు పెట్టి, దోమ వచ్చే సరికి సిద్ధంగా ఉంటున్నాయి. సేంద్రియ పదార్థం ఎక్కువ వేసిన మళ్లలో ఈ నుసి పురుగులూ ఎక్కువే, వేటాడేవీ ఎక్కువే. 1996లో వాళ్లు ఈ ఫలితాలు ప్రచురించారు.

అందుకే నేను జీలుగ, పిల్లిపెసర కలియదున్నడాన్ని భూమి బలం కోసమే అని చూడను. అది సాలీళ్లకి పెట్టే తొలి విస్తరి కూడా. ఘనజీవామృతం, ద్రవజీవామృతం విషయంలోనూ నా ఆలోచన అదే. ఊడ్చిన 20 రోజులకే గుళికలు చల్లితే ఆ విస్తరి లాగేసినట్టే. కాండం తొలిచే పురుగు పోయిందని మనం సంతోషిస్తాం, అక్టోబరు దోమకి ఆగస్టులోనే దారి వేసినట్టవుతుంది.

మా చేలో పోయినేడు

నేను చేసేది ఐదెకరాలు, అదీ కౌలు. మూడెకరాలు స్వర్ణ, రెండెకరాలు బహురూపి. స్వర్ణ దోమకి తేలిగ్గా లొంగేదే, మా గోదావరి జిల్లాల్లో అందరికీ తెలుసు. చైతన్య, కృష్ణవేణి లాంటి మార్టేరు వంగడాలు దోమని కొంత తట్టుకుంటాయి కానీ మా బియ్యం తీసుకునే కుటుంబాలు స్వర్ణ అన్నానికి అలవాటు పడ్డారు. వాళ్లలో సగం మంది ఊడ్పులప్పుడే డబ్బు పంపేస్తారు, ఆ డబ్బుతోనే కూలీలకి ఇస్తాను. మందు కొట్టిన బియ్యం వాళ్లకి పంపలేను, పంట పోతే వాళ్ల డబ్బు తిరిగి ఇవ్వలేను. ఆ పరిస్థితిలో ఉన్నవాడికి దోమ కనిపిస్తే ఎలా ఉంటుందో చేసేవాళ్లకి తెలుస్తుంది.

లెక్కపెట్టడం ఇలా. చేలో మూలకి అడ్డంగా నడుస్తూ ఎక్కడ పడితే అక్కడ 20 దుబ్బులు. గట్టు పక్కవి వద్దు. దుబ్బుని కొంచెం వంచి మొదట్లో రెండు మూడు సార్లు తడితే దోమ నీళ్ల మీద పడుతుంది. దోమ ఎన్ని, సాలీళ్లు ఎన్ని, మిరిడ్ నల్లులు ఎన్ని, మూడు గడులు గీసుకుని రాయాలి. నీళ్లు లేకపోతే తెల్ల కాగితం అట్ట మొదట్లో పెట్టి తట్టండి. పొద్దున్నే ఎండెక్కక ముందు అయితే మేలు. పిలక దశలో దుబ్బుకు 10 నుంచి 15, వెన్ను దశ తర్వాత 20 నుంచి 25 దోమలు అన్నది మన శాఖ చెప్పే గీత. రాజేంద్రనగర్‌లోని ఎన్.ఐ.పి.హెచ్.ఎం. నేర్పే పద్ధతిలో ఇంకో గీత ఉంది: శత్రు పురుగులు రెండుకి మిత్ర పురుగు ఒకటి ఉంటే కొట్టాల్సిన పని లేదు. నేను రెండో గీతనే ఎక్కువ నమ్ముతాను.

అక్టోబరు మొదటి వారం నా పుస్తకంలో సగటున దుబ్బుకు దోమ 7, సాలీడు 1, మిరిడ్ 2. రెండో వారం దోమ 13, సాలీడు 1, మిరిడ్ 3. అంటే మూడుకి ఒకటి కూడా మిత్ర పురుగు లేదు. చేను చిరుపొట్ట మీద ఉంది. సరిగ్గా అప్పుడు చేను గల పెద్దాయన వచ్చారు. గట్టు మీద నిలబడి, చెయ్యి ముంచి చూసి, "ఏరా అబ్బాయ్, ఇది దోమల ఫారం పెట్టావా? నీ చేలోంచి పక్క చేలకి పోతే ఊళ్లో నన్నంటారు. రేపు పొద్దున్న కొట్టించు, మందు డబ్బులు నేనిస్తా" అన్నారు. మంచి మనిషి, కోపం కూడా న్యాయమైందే. ఆయన కౌలు బస్తాలు ఆ చేలోంచే రావాలి.

నేను ఆయన్ని చేలోకి దింపాను. ఆకు తొడిమ ఒకటి గోరుతో చీల్చి భూతద్దంలో చూపించాను. అరటిపండ్ల అత్తంలా వరసగా గుడ్లు. పక్కనే కొన్ని చోట్ల గుడ్లు చప్పబడి, ఖాళీ తొక్కల్లా ఉన్నాయి. మిరిడ్ పీల్చేసినవి. "బాబాయ్ గారూ, ఇవాళ కొడితే పైన తిరిగేవి పోతాయి, ఈ గుడ్లు పోవు. ఈ గుడ్లు తినేది పోతుంది" అన్నాను. ఆయనకి నమ్మకం కుదిరిందని చెప్పను. "ఎన్నాళ్లు చూస్తావు?" అని మాత్రం అడిగారు. వారం కాదు, నాలుగు రోజులకొకసారి లెక్కపెడతాను, దుబ్బుకు 25 దాటి మిత్ర పురుగులు ఇలాగే వెనకబడి ఉంటే మీరు చెప్పినట్టే చేద్దాం, ఆ మడి బియ్యం మా వాళ్లకి పంపను, మిల్లుకే వేస్తాను అన్నాను. అది మాటవరసకి అన్నది కాదు. పిల్లల ఫీజులు, చిట్టీ, అన్నీ ఆ ఐదెకరాల మీదే ఉన్నాయి, మొండితనానికి నాకు స్థోమత లేదు.

ఆ సాయంత్రమే నీళ్లు తీసేశాం. దుబ్బు మొదట్లో చెమ్మ, నీడ దోమకి ఇష్టం. రెండు మీటర్లకి 20 సెంటీమీటర్ల చొప్పున తూర్పు పడమరలుగా కాలిబాటలు ఊడ్పులప్పుడే వదిలాను, వాలిన దుబ్బుల్ని తీసి వాటిని మళ్లీ తెరిచాం, గాలీ వెలుతురూ మొదలుదాకా దిగేట్టు. అంతకు మించి ఏమీ చేయలేదు.

నాలుగో రోజు దోమ 17, సాలీడు 2, మిరిడ్ 5. ఎనిమిదో రోజు దోమ 19, సాలీడు 2, మిరిడ్ 7. సంఖ్య పెరుగుతూనే ఉంది, ఊళ్లో అందరూ నన్ను అదోలా చూస్తున్నారు. కానీ పుస్తకంలో చూస్తే దోమ ఆరు పెరగడానికి ఎనిమిది రోజులు పట్టింది, ఆ ఎనిమిది రోజుల్లో మిరిడ్ రెట్టింపు దాటింది. పరుగులో ఎవరు ముందున్నారో కాదు, ఎవరు వేగంగా దగ్గరవుతున్నారో చూడాలి. తినేవి ఎప్పుడూ కొంచెం ఆలస్యంగానే పెరుగుతాయి, ఎందుకంటే మేత పెరిగితేనే అవి పెరగగలవు. ఆ ఆలస్యం ఉన్న పది, పదిహేను రోజుల్లోనే రైతు గుండె ఆగదు. మందు షాపులకి ఎక్కువ గిరాకీ ఉండేదీ ఆ రోజుల్లోనే. పన్నెండో రోజు దోమ 16, మిరిడ్ 11. నవంబరు మొదటి వారానికి దోమ 9.

అంతా పచ్చగా గడిచిపోయిందని చెప్పను. ఉత్తరం గట్టు వైపు 12 సెంట్ల మేర సుడులు తిరిగి ఎండిపోయింది. దిగుబడి స్వర్ణలో ఎకరాకు 26 బస్తాలు. మూడు సార్లు మందు కొట్టిన పక్క రైతుకి 31 వచ్చాయి. ఇంకొకాయన నాలుగు సార్లు కొట్టి అర ఎకరం పోగొట్టుకున్నారు. ఒక చేను, ఒక ఏడు, దీన్నే రుజువుగా చూపించను. నా ధర వేరు కాబట్టి 26 నాకు సరిపోయాయి, మార్కెట్ ధరకి అమ్ముకునేవాళ్లకి సరిపోతాయో లేదో వాళ్లే లెక్క చూసుకోవాలి. పెద్దాయన ఈ ఏడు కూడా చేను నాకే ఇచ్చారు, కాకపోతే ఉత్తరం గట్టు మడి మాత్రం ఆయనే చేసుకుంటానన్నారు.

కషాయాల మాట

ఇది రాస్తే కొంతమందికి కోపం వస్తుంది. రానివ్వండి. మన వాళ్లలో చాలామంది వారానికొక కషాయం అన్నట్టు కొడుతున్నారు. నీమాస్త్రం, అగ్నిఅస్త్రం, బ్రహ్మాస్త్రం, వరసపెట్టి. వోల్టెరా లెక్కకి అది కంపెనీ డబ్బానా, ఇంట్లో కాచిందా అన్నది తెలీదు. అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంటుంది, పొగాకులో నికోటిన్ ఉంటుంది, అది దోమకీ సాలీడుకీ తేడా చూడదు. అవసరం పడ్డప్పుడు, అవసరం పడ్డ చోట కొట్టండి. నేనూ కొడతాను, ఆకుముడత ఉధృతంగా ఉంటే. పురుగు కనపడగానే చెయ్యి దురద పెట్టి కొట్టడం మాత్రం ప్రకృతి వ్యవసాయం కాదు, మందు మార్చిన పాత వ్యవసాయం. రసాయనాల్లో కూడా వరిలో సింథటిక్ పైరిథ్రాయిడ్లు కొట్టొద్దని శాస్త్రవేత్తలు చెప్పేది ఇందుకే, కొట్టాక దోమ ఇంకా పెరుగుతుంది.

కొట్టడం కంటే గట్ల మీద ఖర్చు పెట్టడం మేలు. చైనా, థాయ్‌లాండ్, వియత్నాం దేశాల్లో గట్ల మీద నువ్వు లాంటి పూల మొక్కలు పెంచి నాలుగేళ్లు చూశారు. ఆ పూల తేనె తాగి పరాన్న కందిరీగలు ఎక్కువ రోజులు బతికాయి. పురుగు మందు వాడకం 70 శాతం తగ్గింది, దిగుబడి 5 శాతం పెరిగింది. 2016లో వచ్చిన ఫలితం ఇది. మా గట్ల మీద నువ్వు, బంతి, అలసంద ఉన్నాయి. అలసంద కాయలు మా అమ్మ కోసుకుంటుంది, కందిరీగలకి పువ్వు చాలు.

ఎలుకల గురించి కూడా అడుగుతున్నారు కాబట్టి కొంచెం. ఎలుకకి ఈ దోమ లెక్క నేరుగా సరిపోదు. ఎలుక మూడు వారాల్లో ఈనుతుంది, ఈతకి ఆరేడు పిల్లలు. గుడ్లగూబ ఏడాదికి ఒకటి రెండు సార్లు నాలుగైదు పిల్లల్ని లేపుతుంది. మిరిడ్ నల్లి దోమతో పోటీ పడి పెరిగినట్టు గుడ్లగూబ ఎలుకతో పోటీ పడి పెరగలేదు. ఎలుకలు విరగబడ్డాక గుడ్లగూబలు వచ్చి కాపాడతాయని కూర్చోకూడదు. అవి ముందే ఉండాలి, ఎలుక తక్కువగా ఉన్నప్పుడే దాన్ని తక్కువగా ఉంచడానికి. మలేషియా ఆయిల్ పామ్ తోటల్లో గుడ్లగూబలకి గూడు పెట్టెలు కట్టి ఏళ్ల తరబడి ఉంచేది అందుకే. మన చేలో కనీసం పక్షి స్థావరాలు నాటండి, రాత్రి గుడ్లగూబ వాలుతుంది. ఆ పిట్ట అరిస్తే చావు కబురని రాళ్లు వేసి తోలేవాళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నారు. జెర్రిపోతు కనపడితే కొట్టి చంపి గట్టు మీద వేసేవాళ్లయితే చెప్పక్కర్లేదు. అది విషం లేని పాము, మడి మడికీ తిరిగి ఎలుక బొరియలో దూరి తింటుంది.

ఎలుకకి అసలు కళ్లెం మేత. చేలో ఎలుక ఈనడం పొట్ట దశ దగ్గర మొదలై కోతల దాకా సాగుతుంది. ఊరంతా పది రోజుల తేడాలో ఊడిస్తే దానికి దొరికే కాలం తక్కువ. ఒకరు జూలైలో, ఒకరు ఆగస్టు ఆఖర్లో ఊడిస్తే దానికి ఒక చేను అయ్యాక ఇంకో చేను దొరుకుతుంది, ఇంకో ఈతకి టైము వస్తుంది. ఇది ఒక్క రైతు చేతిలో లేని పని. బోదె కింద ఉన్న వాళ్లందరూ కలిసి, నీళ్లు వదలకముందే, ఎలుక తక్కువగా ఉన్నప్పుడు బుట్టలు పెట్టించాలి. విషం పెడితే ఆ ఎలుకని తిన్న గుడ్లగూబకి కూడా అది ఎక్కుతుంది, ముఖ్యంగా బ్రోమాడయోలోన్ లాంటివి.

ఈ సార్వాలో నిన్నటి లెక్క చెప్పి ఆపుతాను: దుబ్బుకు దోమ 8, సాలీడు 2, మిరిడ్ 2. పోయిన వారం దోమ 5. మళ్లీ గురువారం దిగుతాను, ఆ లెక్క వీడియో కింద రాస్తాను. మీ చేలో లెక్క కూడా రాయండి, కాకపోతే దోమ ఒక్కటే కాదు, మూడు గడులూ రాయండి.